క్రీడాభిరామమున నగరసంచారము

ఆంధ్రవాఙ్మయమునఁ బ్రాచీనరూపకములు మిక్కిలి యరుదు. ఉన్న కొలఁదివానిలో వీథి యను పేరితో నిలిచిన క్రీడాభిరామము ముఖ్యమైనది. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో దీనిని వెలువరించినది మొదలు పండితులు మూఁడు వివాదములతోడనే దీనిని జదువుచు వచ్చిరి. ఇది వినుకొండ వల్లభరాయని కృతియా, శ్రీనాథుని కృతియా యనునది మొదటిది. ఇది నిజముగా రూపకమా, సంవాదరూపమునఁ గూర్పఁబడిన పద్యకావ్యమా యనునది రెండవది. ఇందలి శృంగారము సభ్యమర్యాదను దాఁటినదా, లేదా యనునది మూఁడవది. మొదటి విషయమున వేటూరి ప్రభాకరశాస్త్రిగారు శ్రీనాథకర్తృత్వమును సమర్థింపఁగా, అనేకులు వల్లభరాయని పక్షముననే నిలిచిరి.

ఈ మూఁటికిని సమాధానము లెట్లున్నను నాలవ ప్రశ్న యొకటి మిగిలియున్నది. మంచనశర్మ, టిట్టిభసెట్టి యను నిద్దఱు మిత్రులు ఓరుగంటి వాడలవెంటఁ బ్రొద్దుపొడుపు మొదలు వెన్నెలవేళ దాఁక తిరుగుటయే ఈ కృతికిఁ గథ. ఇంతకుమించి కథ లేదు. ఆ తిరుగుట పద్యములను గ్రుచ్చుటకుఁ గవి యెన్నుకొన్న దారము మాత్రమేనా? లేక కృతికి శరీరమే యదియా? దారము మాత్రమే యైనచోఁ బూసలను విడఁదీసి యెవరికిఁ గావలసినది వారు కైకొనవచ్చును. శరీరమే యైనచో నట్లు విడఁదీయుట యంగచ్ఛేద మగును. నేఁటివఱకు సాంఘికచరిత్ర వ్రాయువారును, పద్యసంకలనములు కూర్చువారును మొదటి పక్షమునే మాటాడక యంగీకరించిరి. రెండవ పక్షమే యుక్తమని లక్షణమును, లక్ష్యమును గూడఁ జెప్పుచున్నవి.

వీథీశబ్దార్థము

అమరకోశమున వీథీశబ్దము పఙ్క్తి, శ్రేణి మొదలగు శబ్దములతోఁ బాటు వరుస యను నర్థమునఁ బఠింపఁబడినది. ఇండ్ల వరుస, అంగళ్ల వరుస యనుటనుండి త్రోవ యను నర్థము లోకమున రూఢమైనది. రూపకవిశేషమున కీ పేరు వచ్చుటకు దశరూపకవ్యాఖ్యాత యగు ధనికుఁడు రెండు దారులు చూపెను. వీథివలె నిది మార్గ మగుటచేతఁ గాని, అంగముల పఙ్క్తి యగుటచేతఁ గాని వీథి యనఁబడునని యాతని తాత్పర్యము. ఉద్ఘాత్యకము మొదలుకొని మృదవము వఱకుఁ బదమూఁడు వీథ్యంగములు చెప్పఁబడినవి గనుక రెండవ యర్థమే శాస్త్రకారులకు ముఖ్యమైనది. మొదటి యర్థము వ్యాఖ్యానమున నొక మాటగానే మిగిలిపోయినది.

ధనంజయుని లక్షణము ననుసరించి వీథి కైశికీవృత్తి కలది, భాణమువలె నేకాంకము, ఒకటి రెండు పాత్రలచేఁ బ్రయోగింపఁబడునది. ఇందు శృంగారము సూచ్యముగా నుండవలయును. రసాంతరములను గూడ స్పృశింపవచ్చును. ఈ కడపటి రెండు నియమములను జాగ్రత్తగాఁ జూడవలయును. ప్రధానరసము సూచింపఁబడుటయే గాని నిలిచి పోషింపఁబడరాదు. ఇతరరసములు తాఁకఁబడుటయే గాని స్థిరపడరాదు. నాటకమునవలెఁ గథాసంవిధానము లేని యేకాంకమున నీ రెండును నెట్లు పొసఁగును? క్రీడాభిరామకర్త దీనికిఁ గనుఁగొన్న యుపాయము నడక. కామమంజరి యిల్లు ఎప్పుడును ముందున్నది గనుక శృంగారము సూచ్యమే యగును. త్రోవలో నెదురైన ప్రతివాడయు నొక రసమును దాఁకించి వెనుకకుఁ దొలఁగును గనుక రసాంతరస్పర్శయుఁ జేకూరును. శాస్త్రకారులు నామవ్యుత్పత్తిగా విడిచిన మార్గార్థమును ఈ కవి కృతికి నిర్మాణసూత్రముగాఁ జేసికొనెను. దీనికి రూపకత్వము లేదను వా రీ విషయమును గమనింపవలసి యున్నది.

భాణములతోఁ బోలిక

నగరమున విటుఁడు తిరుగుట సంస్కృతమునకుఁ గ్రొత్త కాదు. చతుర్భాణి యను పేర నాలుగు ప్రాచీనభాణములు 1922లో వెలువడినవి. వానిని రామనాథశాస్త్రిగారితోఁ గలసి ప్రకటించినవారును మానవల్లి రామకృష్ణకవిగారే. క్రీడాభిరామమును వెలికిఁ దెచ్చిన చేయియే దానికి జ్ఞాతులైన సంస్కృతకృతులను గూడ వెలికిఁ దెచ్చుట యాకస్మికము కావచ్చును గాని పాఠకులకు మేలైనది. పద్మప్రాభృతకమున విటుఁ డుజ్జయిని వీథులలోను, ఉభయాభిసారికయందుఁ గుసుమపుర వీథులలోను దిరుగును. ఆతఁ డొక్కఁడే రంగమున నుండును. ఎదురైనవారి మాట లాకాశభాషితములు. వానిని దానే విని, తానే మరలఁ జెప్పి, తానే యుత్తర మిచ్చును. కాఁబట్టి భాణమున నగర మంతయు నొక్కని నోటిలో నున్నది.

క్రీడాభిరామమున నడచువా రిద్దఱు. ఒకఁడు బ్రాహ్మణుఁడు, ఒకఁడు వైశ్యుఁడు. ఒకఁడు చూపఁగా నొకఁడు చూచును. ఒకఁడు మెచ్చఁగా నొకఁడు మేలమాడును. వీథ్యంగములలో వాక్కేలి, అధిబలము మొదలగునవి పరస్పరసంభాషణము లేనిదే పుట్టవు. ఊరిని దోడుతోఁ జూచినవాఁ డొంటిగాఁ జూచినవానికంటె నెక్కువ చూచుననుట లోకానుభవము. రెండవ కన్ను మొదటి కన్నును సరిదిద్దును, ఒక్కొకప్పుడు పరిహసించును. భాణమునకును వీథికిని లక్షణకారులు చెప్పిన పాత్రసంఖ్యాభేద మిచట లెక్క మాత్రము గాక దృష్టిభేదముగాఁ బరిణమించినది.

ప్రబంధనగరవర్ణన

తెనుఁగుప్రబంధములందు నగరవర్ణనము లేనిది లేదు. అష్టాదశవర్ణనలలో నది మొదటిది. మనుచరిత్రమున నరుణాస్పదపుర మొక్క సీసమున నాలుగు వర్ణముల వారి గుణములతో నెదుట నిలుచును. పద్యము రమణీయమే. కాని యా పురమును జూచినవాఁ డెవఁడు? ఏ గుమ్మమున లోనికి వచ్చెను? ఏ వేళ వచ్చెను? ఈ ప్రశ్నలకుఁ బ్రబంధమునఁ జోటు లేదు. అచ్చటి నగర మాకాశమునుండి చూచిన పటమువంటిది. అం దెవరి యడుగుజాడయుఁ బడదు. అట్లే సూర్యాస్తమయ చంద్రోదయవర్ణనలును గథ నొక్కింత నిలిపి కవి యిచ్చు కానుకలు.

క్రీడాభిరామమున నీ వర్ణనలన్నియు నున్నవి. సూర్యోదయమున్నది, మధ్యాహ్నమున్నది, అస్తమయమున్నది, చంద్రోదయమున్నది. కాని యివి యొకే దినమున, ఇద్దఱు మనుష్యుల నెత్తిమీఁద జరుగుచున్నవి. మధ్యాహ్న మైనందువలన వారికి నాఁకలి యగును. ఆఁకలి యైనందువలనఁ బూటకూటి యిల్లు కథలోనికి వచ్చును. ప్రబంధమునఁ గాల మలంకారము. ఇచటఁ గాలము కారణము. ప్రవరుఁడు పాదలేపమహిమచేత నొక్క క్షణమున హిమవంతమును జేరెను గనుక నాతని త్రోవలో నూళ్లు లేవు. మంచనశర్మకు లేపము లేదు. కాళ్లు మాత్రమే యున్నవి. అందువలననే యాతని కథలో నూరున్నది.

అడుగుల క్రమము

ఈ సంచారము వెలినుండి లోనికి సాగును. వెలిపాళెము, మైలసంత, మేదరవాడ, మోహరివాడ యని కృతిలోఁ గానవచ్చు పేళ్లను వినినంతనే యూరి కట్టుబాటు తెలియును. వెలిపాళెము కోటకు వెలుపలిది. మేదరవాడ వెదురుపనివారిది. మోహరివాడ మోహరమునకు సంబంధించినదని పేరే చెప్పును. ఇవి దేశ్యములు, తద్భవములు. రావిపాటి త్రిపురాంతకుని ప్రేమాభిరామము సంస్కృతకృతి. అది నేఁడు లభింపదు. దాని ననుసరించియే తెనుఁగు వీథి పుట్టినది. సంస్కృతకవి యిట్టి పేళ్లను సంస్కరింపవలసి వచ్చును, లేదా యన్యదేశ్యములుగా నిలుపవలసి వచ్చును. తెనుఁగువీథిలో వాడ తన పేరు తాను దిరిగి పొందినది. అనువాదమువలన మూలమునకు నష్టమే కలుగునను వారి కిది సమాధానము.

నేఁటికిని నిలిచియున్న ఓరుగంటి కోటను జూచినవారికి నీ క్రమ మింకను స్పష్ట మగును. వెలుపల మట్టికోట, లోపల రాతికోట, ఒక్కొక దానికిఁ బరిఖ. రాతికోటకు 45 బురుజులు. నడుమ స్వయంభూదేవుని యాలయమున్న చోట నాలుగు దిక్కుల నాలుగు తోరణములు. కోటలు వలయాకారములు. గుమ్మములు తిన్నగా లోనికి దారి నీయక మలుపులతోఁ గట్టఁబడినవి. మొదటి వాకిట నిలిచినవానికి లోపలి యూరు కనఁబడదు. నడచినకొలఁదియే యది తెఱచుకొనును. ఊరి నిర్మాణమును గృతినిర్మాణమును నొక్కటియే.

క్రమమువలన నర్థము పుట్టుట కొక్క యుదాహరణము చాలును. వీథిలో నొక యువతి పలనాటి వీరుల కథను బాడును, మిత్రులు విందురు. పలనాటి యుద్ధమునకుఁ గోడిపోరు కారణమనుట యాంధ్రదేశమున నెఱుఁగనివారు లేరు. పిదప నీ మిత్రులే మఱియొకచోట నిజమైన కోడిపందెమును జూతురు. పొట్టేళ్ల పోరును జూతురు. అచ్చటఁ జచ్చిన పుంజులను వీరులను వలె స్వర్గమునకు సాగనంపుచు సంబోధించుట కలదు. విడిగాఁ జదివినచో నది హాస్యపుఁ బద్యము. పాట విన్న చెవితోఁ జదివినచో నది వీరగాథపై నొక వ్యాఖ్య. ఏ పోరు దేశమును రెండుగాఁ జీల్చెనో యా పోరే సంతలో వేడుకయై కానవచ్చుచున్నది. వీరము హాస్యముగా మాఱుటకు నడుమ రెండు వాడల దూర మున్నది. ఆ దూరమును దీసివేసినచో నర్థమును బోవును.

ఇట్లే ఏకవీరాలయము, మైలారదేవుని భటుల సాహసములు, జక్కుల పురంధ్రి గానము, పాములవాని యాట, ప్రతాపరుద్రుని యాదరమునకుఁ బాత్రమైన మాచలదేవి చిత్రశాల యని యొకటివెంట నొకటి వచ్చును. భక్తి, అద్భుతము, భయము, కుతూహల మని మనస్సు మాఱుచుండును. చిత్రశాలలో దేవతల యొక్కయు ఋషుల యొక్కయు శృంగారకథలు గోడలపై నున్నవి. దినమంతయు సజీవులను జూచిన కన్నులకుఁ జిత్రితులు చూపఁబడుటలో నొక యౌచిత్య మున్నది.

సాయంకాలము

కృతిలో సాయంకాల మతిరమణీయమైన భాగము. పగటివేళ వాడలు పనిపాటలతో నుండును. నడచువా రచ్చట నన్యులు. ప్రొద్దు వాలినపిమ్మట వాడ వేఱొక రూపము దాల్చును. ముంగిళ్లలో జనము నిలుతురు, దీపములు వెలుఁగును, లోపలి మాటలు వీథికి వినవచ్చును. ఉదయమున నూరి వెలుపలి యంచున నుండిన మిత్రు లీ వేళ కూరి హృదయమును జేరుదురు. మధుమావతి యను వేశ్యాకన్యకు జరుగు ముకురవీక్షణమను వేడుకను జూతురు. అద్దమునఁ దన్నుఁ దాఁ జూచుకొనుటయే యా బాలికకు వృత్తిలోఁ బ్రవేశము. దినమంతయుఁ బరులను జూచిన కృతిలో నొక పాత్ర తన్నుఁ దాఁ జూచుకొను ఘట్ట మిది. కవి దీనిని వేడుకగానే వర్ణించెను. చదువరికి మాత్రము మనస్సు కలఁగును.

పిదప వెన్నెల. చంద్రోదయము శృంగారమున కుద్దీపనవిభావ మని యలంకారశాస్త్రము చెప్పును. ఇచటి చంద్రోదయము దానికిఁ దోడు దీర్ఘప్రయాణమున కంత్యఘట్టము గూడ. నాయిక యిల్లు చేరువ యగుకొలఁది వీథి తఱుఁగును. తలుపు తెఱచుకొన్న తోడనే త్రోవ ముగియును. త్రోవ ముగిసినతోడనే వీథియను రూపకమును ముగియవలయును. సూచ్యము వాచ్య మయ్యెనా లక్షణభంగ మగును గదా! కవి యీ సరిహద్దు నెఱిఁగి యాఁగెను. సభ్యత లేదని దీనిని దూషించువారు త్రోవలోని పద్యములను జూచుచు నీ నిగ్రహమును గమనింపలేదు.

వెల్చేరు నారాయణరావుగారును డేవిడ్ షుల్మన్‌గారును 2002లో దీని నాంగ్లమున కనువదించి ప్రేమికులకు ఓరుగంటి దారిచూపు పుస్తకమను నర్థము వచ్చునట్లు పేరు పెట్టిరి. పేరు సొగసైనది, సగము సత్యమైనది. దారిచూపు పుస్తకము చోటులను జెప్పును, వేళలను విడుచును. ఇచట వేళను విడిచినచోఁ జోటు నిలువదు.

చరిత్రకారుల యుపయోగము

సురవరము ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘికచరిత్ర 1949లో వెలువడినది మొదలు క్రీడాభిరామము సాంఘికచరిత్ర కొక ముఖ్యాధార మైనది. రాజుల వరుసలను విడిచి జనుల తిండిని, ఆటలను, వేడుకలను జరిత్రముగా గ్రహించిన యా గ్రంథమునకుఁ దెలుఁగువా రెల్లకాలము ఋణపడియుందురు. కాని పిమ్మటివారు తఱచుగా నొక విషయమును మఱచిరి. త్రిపురాంతకుఁడు ప్రతాపరుద్రుని కాలమువాఁడు. ఆ రాజు పాలనము 1289 మొదలు 1323 వఱకు. తెనుఁగు వీథి పుట్టినది విజయనగరరాజ్యము వెలసిన తరువాత. ఈ నడుమఁ గొన్ని తరములు గడచినవి. కాఁబట్టి యిందలి ప్రతివిషయమును రెండు కాలములకుఁ జెందఁగలదు.

దీనిని బరీక్షించుటకు నడకయే సాధనము. దారితో విడఁదీయరాని విషయములు, అనఁగాఁ గోటగుమ్మము, పరిఖ, దేవాలయము, వాడల వరుస, ఇవి త్రిపురాంతకుని కాలపువి కావచ్చును. చూచినవాఁడు చెప్పిననే గాని యా వరుస కుదురదు. దారితో సంబంధము లేక మాటలతోఁ బుట్టినవి, అనఁగా నెత్తిపొడుపులు, వంటకముల పట్టిక, ఆటల పరిభాష, ఇవి తెనుఁగుకవి కాలపువి కావచ్చును. లక్ష్మణవజ్ఝల యింట నొక్క రూకకు దొరకిన భోజనమును గాకతీయుల నాఁటి ధరగాఁ జూపువా రీ భేదమును మొదట విచారింపవలయును. రూకయు, భోజనమును రెండవ తెగలోనివి. పరీక్ష నిశ్చయము నీయకపోవచ్చును. తొందరపాటును మాత్రము నివారించును.

ఇంతకంటె గంభీరమైన విషయ మొకటి యున్నది. ప్రస్తావనలోఁ గవి మూఁడు నగరములను జేర్చి పేర్కొనెను. నటులు దోరసముద్రమువారు, విటులు ఓరుగంటివారు, కవి వినుకొండవాఁడు. దీనిని జమత్కారముగాఁ జదివి విడిచినవారే యధికులు. దోరసముద్రముపై 1311లో మాలిక్ కాఫూరు దండెత్తెను. హొయ్సలరాజ్యము పిదప మఱి కొన్ని దశాబ్దములకే యంతరించెను. ఓరుగంటి మట్టికోట 1310లో నా సేనానికే లొంగెను. 1323లో నులుఘ్‌ఖాను ముట్టడితో రాజధానియే పోయెను, ఊరి పేరును సుల్తానుపుర మయ్యెను. తెనుఁగు వీథి పుట్టునాఁటికి నటుల యూరును, విటుల యూరును రాజధానులు గావు. మోపూరి భైరవుని యుత్సవమున దీనిని వినిన సామాజికుల కీ సంగతి తెలియనిది కాదు.

కృతిలో మాత్రము దీనిపై నొక్క నిట్టూర్పైన లేదు. అచ్చట సంత సాగుచున్నది, కోడి కూయుచున్నది, రాజు కోటలో నున్నాఁడు. వెలినుండి లోనికి మట్టికోటను దాఁటి రాతికోటకు శత్రుసేన వచ్చిన దారియే మంచనశర్మ నడచిన దారి. సేన యా దారిని బాడుచేసినది. కవి యా దారిని మరల నడిపించెను. శోకమును వాచ్యము చేసియున్నచో నిది విలాపకావ్య మగును. ఊరు నిండుగా నున్న యొక్క దినమును దెచ్చి పెట్టుటచేత శోకము వ్యంగ్యమై నిలిచినది. శృంగారము సూచ్యముగా నుండవలెనన్న లక్షణ మొకటి. దాని వెనుక నింకొక సూచ్యార్థమును గవి దాఁచెను.

గుణములవలె దోషములును

కృతికి దోషములు లేవనుట పక్షపాతము. నడచువారి కన్ను భోగపరుల కన్ను. మేదరవాడ పేరు వినఁబడును; వెదురు చీల్చిన చేతులు కానరావు. సంత కానవచ్చును; సరకు మోసినవాఁడు కానరాఁడు. ప్రతివాడలోను మొదట స్త్రీయే కనఁబడును. ఆమె కులమును, వేషమును, విలాసమును వర్ణింపఁబడును. ఆమె చూపున నీ యిద్దఱు నెట్లున్నారో చెప్పఁబడదు. వెలివాడ స్త్రీలపట్ల మేలముయొక్క హద్దు మఱింత జాఱినది. భాణజాతి కృతుల కన్నిఁటికి నిది సామాన్యదోషమే గాని, సామాన్య మగుటచే దోషము గుణము కాదు. ఈ వాడలలోనివారే యొకనాఁటి సాయంకాలమున బయలుదేఱి బ్రాహ్మణవీథిని, రాజవీథిని జూచి చెప్పినచో నెట్లుండెడిదో! అట్టి వీథి ప్రాచీనాంధ్రమున లేదు.

పాఠశాలలలో బోధించువారి కొక్క మాట. ఈ కృతిని బాఠ్యముగాఁ జేయుటకు సంకోచించువారు శృంగారభాగములను జూపుదురు. చేయువారు పూటకూటి యింటి పద్యమునో, కోడిపందెమునో విడఁదీసి చేయుదురు. ఈ రెండిఁటికిని మధ్యమార్గ మున్నది. బాలురకుఁ దగిన భాగములనే గ్రహించి, వానిని కృతిలోని వరుసలోనే, వేళను జెప్పుచుఁ, గోట పటమును నల్లబల్లపై వలయములుగా గీయుచు బోధింపవలయును. పలనాటి పాట ముందును, గోడిపందెము తరువాతను రావలయును. అస్తమయము సంతకు ముందు రాకూడదు. ఇంతమాత్రము చేసినచో నా బాలురు తమ యూరి వాడలను గూడ వెలినుండి లోనికిఁ జూడ నేర్తురు. పద్యము నెట్టులైన నప్పగింపవచ్చును; త్రోవను మాత్రము నడచియే నేర్వవలయును.